పాత సెయిల్‌బోట్‌కి డెప్త్ సౌండర్ (నీటి లోతు చెప్పే పరికరం): హల్‌కి (పడవ డొప్పకి) కన్నం వెయ్యాలా, లోపలి నుంచే సరిపోతుందా?

పాతపడవ_78
నాది 1978లో కట్టిన 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్, అంటే ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవ. ఫిన్ కీల్ (అడుగున కిందకి దిగే రెక్కలాంటి భాగం), డ్రాఫ్ట్ (నీటిమట్టం నుంచి కీల్ అడుగు దాకా) 1.6 మీటర్లు. పాత ఓనర్ ఎప్పుడో పెట్టించిన డెప్త్ సౌండర్ ఉంది, గుండ్రటి డయల్‌లో ఎర్ర లైటు గిర్రున తిరిగే రకం. నేను కొనేసరికే కొన ఊపిరితో ఉంది, ఇప్పుడు అదీ పోయింది. కింద హల్‌కి దాని కంచు ట్రాన్స్‌డ్యూసర్ (శబ్దం పంపి ప్రతిధ్వని వినే ముక్క) మాత్రం బిగించే ఉంది. కారడం లేదు.

నా గోల ఏంటంటే, ఆ పాత ట్రాన్స్‌డ్యూసర్‌కే కొత్త డిస్‌ప్లే తగిలించుకోవచ్చా? కుదరకపోతే కొత్తగా కన్నం వేసి త్రూ-హల్ (కన్నం గుండా నేరుగా నీటిని తాకే రకం) పెట్టాలా, లేక హల్ లోపల అతికించే ఇన్-హల్ రకం చాలా? పడవ ఇప్పుడు నీళ్లలోనే ఉంది. వచ్చే నెల యాంటీఫౌలింగ్ (అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే పెయింటు) కోసం ఒడ్డుకు ఎక్కిస్తున్నాను. కన్నం వెయ్యాలంటే అప్పుడే వెయ్యాలి, లేకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. బ్రాండ్ల గురించి చదివి చదివి తల తిరుగుతోంది, కాబట్టి వాడినవాళ్లు చెప్పండి.

గాలివాటం
పాత ట్రాన్స్‌డ్యూసర్ మీద ఆశ వదిలేయండి. లోపలుండే సిరామిక్ బిళ్ల ఒక్కో ఫ్రీక్వెన్సీకి తయారవుతుంది. 150 కిలోహెర్ట్జ్‌కి చేసినదాన్ని 200తో మోగిస్తే గట్టిగా పలకదు, వచ్చే ప్రతిధ్వనిని కూడా సరిగ్గా వినదు. మీ దాని మీద ఫ్రీక్వెన్సీ చదవగలిగేలా రాసుందా? నలభై ఏళ్ల పైబడిన ముక్క కాబట్టి ఉండకపోవచ్చు. ఒకవేళ ఫ్రీక్వెన్సీ కలిసినా ఇంపిడెన్స్ (విద్యుత్ అడ్డు) కలవాలి, ప్లగ్ కలవాలి, బిళ్ల ఇంకా బతికుండాలి. అన్నీ కలిసొచ్చి పనిచేసినవాళ్లు లేకపోలేదు. కానీ దాన్ని నమ్ముకుని చీకట్లో రేవులోకి వెళ్లమంటే నేనైతే వెళ్లను.

కీల్‌కింద_జానెడు
ఆ తిరిగే లైటు సౌండర్లకి ఒక గొప్ప గుణం ఉండేది. స్కేలు 20 మీటర్లయితే, 23 మీటర్ల లోతులో లైటు ఒక చుట్టు పూర్తిచేసి 3 దగ్గర వెలిగేది. పడవలో అందరికీ ఒకేసారి నిద్ర వదిలేది.

ఎపాక్సీ_చేతులు
@పాతపడవ_78 కన్నం వెయ్యడానికి తొందరపడకండి. ముందు లోపలి నుంచి పనిచేస్తుందో లేదో చూసుకోవచ్చు, దానికి పైసా జిగురు అక్కర్లేదు. అయితే పడవ నీళ్లలో ఉన్నప్పుడే చూడాలి. ఒడ్డుకెక్కాక ఆ అవకాశం ఉండదు.

ఇన్-హల్ పనిచేసే తీరు తెలిస్తే మిగతాదంతా తేలికే. శబ్దం ఉప్పునీటిలో సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. గట్టి ఫైబర్‌గ్లాస్ గుండా కూడా బాగానే దాటుతుంది, కొంచెం బలం పోతుంది అంతే. దాటలేనిది గాలిని. ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి, బయటి నీటికి మధ్య ఎక్కడ గాలి పొర ఉన్నా, అది కాగితం మందమైనా సరే, శబ్దం అక్కడే వెనక్కి తిరుగుతుంది. అందుకే హల్ మధ్యలో బాల్సా (తేలికైన చెక్క) కోర్, ఫోమ్ కోర్ ఉన్న చోట ఇన్-హల్ పనిచేయదు. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉన్నదంతా గాలి గదులే కదా.

పరీక్ష ఇలా చేయండి. పల్చటి ప్లాస్టిక్ సంచిలో బుడగలు లేకుండా నీళ్లు నింపి మూతి కట్టండి. హల్ లోపల అనుకున్న చోట జిడ్డు, దుమ్ము తుడిచి కొంచెం నీళ్లు పోసి సంచి పెట్టండి. దాని మీద ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్ని తడిపి ఆనించండి, ముఖం నిట్టనిలువుగా కిందకి చూడాలి. డిస్‌ప్లేని తాత్కాలికంగా బ్యాటరీకి కలిపి లోతు చూడండి. రేవులో 2 మీటర్లు చూపించగానే సంబరపడొద్దు. అంత తక్కువలో పాడు జాగా నుంచి కూడా అంకె వస్తుంది. లోతు నీళ్లలోకి తీసుకెళ్లి ఎక్కడ పట్టు వదిలేస్తుందో చూడండి. అసలు సంగతి అక్కడ తేలుతుంది.

సీసపుగుండు
తాడుకి సీసపు గుండు కట్టి వదిలితే బ్యాటరీ అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీ అక్కర్లేదు. గుండు అడుగున గుంటలో కొవ్వు రాస్తే కింద ఇసుకో బురదో కూడా అంటుకుని పైకి వస్తుంది. ఇన్ని వేల డిస్‌ప్లేలు వచ్చాయి, ఆ ముక్క చెప్పేది ఒక్కటీ లేదు.

గాలివాటం
@సీసపుగుండు ఒంటరిగా 5 నాట్ల వేగంతో వెళ్తూ, ఒక చేత్తో టిల్లర్ (చుక్కాని పిడి) పట్టుకుని, రెండో చేత్తో గుండు విసిరి చూపించండి. వీడియో పెట్టండి.

సీసపుగుండు
అంత వేగంగా లోతు తెలియని చోటికి ఎవరు వెళ్లమన్నారు?

చెక్కపడవ
ఈ చర్చ చదివి చెక్క హల్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇన్-హల్ కొనేస్తారేమో, ముందే చెప్తున్నా. చెక్క గుండా అది పనిచేయదు. చెక్క నిండా సన్నటి గాలి గదులే. మాకు త్రూ-హల్ ఒక్కటే దారి, అదీ కంచుదే. ప్లాస్టిక్ హౌసింగ్ (బయటి తొడుగు) చెక్క హల్‌లో పెట్టకూడదు. చెక్క నీళ్లు పీల్చి ఉబ్బినప్పుడు ప్లాస్టిక్‌ని నొక్కేస్తుంది, పగలొచ్చు. నీటిమట్టం కింద పగిలిన ఫిటింగ్ అంటే ఏమిటో వివరించక్కర్లేదు.

ఇనుపహల్
మాది దీనికి పూర్తిగా తిరగబడిన కేసు. స్టీల్, అల్యూమినియం హల్‌కి కంచు పెట్టకూడదు. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తగిలితే బ్యాటరీలా పనిచేసి హల్‌నే తినేస్తుంది. ప్లాస్టిక్‌దో, స్టీల్ హల్ కోసమే చేసిన స్టెయిన్‌లెస్‌దో వాడాలి. మాకు లోపలి నుంచి చూసే పద్ధతీ కుదరదు. ఫైబర్‌గ్లాస్ వాళ్లు అదృష్టవంతులు, కొంచెం ఊరుకోండి.

బస్‌వైరు
అందరూ ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరే ఆగిపోయారు. అసలు ముందు తేల్చుకోవాల్సింది ఆ లోతు అంకె ఎక్కడికెక్కడికి వెళ్లాలన్నది. కాక్‌పిట్‌లో ఒక్క డిస్‌ప్లే చాలనుకుంటే సొంత ట్రాన్స్‌డ్యూసర్‌తో వచ్చే మామూలు సెట్టు కొనుక్కోండి. తీగలు రెండు, ఫ్యూజు ఒకటి, పని అయిపోతుంది. రేపు చార్ట్‌ప్లాటర్ (తెర మీద సముద్రపటం చూపేది) పెడతాను, ఆటోపైలట్ పెడతాను అనుకుంటే ఇప్పుడే ఎన్‌ఎమ్ఈఏ 2000 (పడవ పరికరాలన్నీ బస్ అనే ఒకే కేబుల్ మీద మాట్లాడుకునే పద్ధతి) వైపు వెళ్లండి. ఎయిర్‌మార్ డీఎస్‌టీ810 లాంటి స్మార్ట్ ట్రాన్స్‌డ్యూసర్లలో లెక్కంతా కిందే జరిగిపోతుంది. కేబుల్‌లో వచ్చేది సిద్ధమైన అంకె. లోతు, నీటిలో వేగం, నీటి ఉష్ణోగ్రత మూడూ 51 మిల్లీమీటర్ల ఒకే కన్నం నుంచి వస్తాయి. ఏ కంపెనీ డిస్‌ప్లే అయినా ఆ బస్‌లోంచి చదువుకుంటుంది.

పాత ఎన్‌ఎమ్ఈఏ 0183 పరికరాలు పడవలో ఇప్పటికే ఉంటే, అవి మాట్లాడేది వేరే పద్ధతి, 4800 బాడ్ (సెకనుకి 4800 బిట్లు) వేగం. మధ్యలో కన్వర్టర్ కావాలి. ఇంకో సంగతి, బస్‌కి రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్ (చివర బిగించే రెసిస్టర్) ఉండాలి. పవర్ ఆపి రెండు డేటా తీగల మధ్య మీటరు పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒకటి లేనట్టే. "అప్పుడప్పుడు లోతు మాయమైపోతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మందు ఇదే.

నల్లలంగరు
@ఎపాక్సీ_చేతులు ఇన్-హల్‌ని మరీ నెత్తికెత్తుకుంటున్నారు. హల్ దాటేటప్పుడు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి బలం పోతుంది. లోతైన చోట, మెత్తటి అడుగు ఉన్న చోట ఆ తేడా తెలుస్తుంది. నీటిని నేరుగా తాకే ముఖానికి సాటి లేదు. పైగా పాతపడవ గారు ఎలాగూ ఒడ్డుకెక్కిస్తున్నారు. సరైన చోట ఒక కన్నం, మంచి హౌసింగ్, ఫ్లాప్ (తీసినప్పుడు నీళ్లని చాలావరకు ఆపే మూత) ఉన్నది పెడితే తర్వాత నీళ్లలో ఉండగానే బయటికి తీసి శుభ్రం చేసుకోవచ్చు. కాసిని నీళ్లు లోపలికి వస్తాయి, పక్కన ప్లగ్ సిద్ధంగా ఉంచుకుంటే చాలు.

చోటు మాత్రం ముఖ్యం. ఫిన్ కీల్ పడవకి కీల్‌కి 30 నుంచి 60 సెంటీమీటర్లు ముందు, మధ్యరేఖకి 10 సెంటీమీటర్ల లోపు. దానికి ముందు వేరే ఫిటింగులేవీ ఉండకూడదు, వాటి వెనక లేచే బుడగలన్నీ ఈ ముఖం మీదే పడతాయి. ఇంజిన్ సీకాక్ (బయటి నీళ్లు వచ్చే కన్నం మీది వాల్వు) పక్కన చోటుంది కదా అని అక్కడ పెట్టకండి. వెనక ట్రాన్సమ్‌కి (పడవ వెనక గోడకి) బిగించే రకం పవర్‌బోట్లకి. సెయిల్‌బోట్ వాలితే అది నీళ్లలోంచి బయటికి వచ్చేస్తుంది.

హల్ ఏటవాలుగా ఉంటే ఫెయిరింగ్ బ్లాక్ (ముఖం నిట్టనిలువుగా కిందకి చూసేలా పెట్టే దిమ్మ) కావాలి, లేదా లోపలి బిళ్లే వంచి పెట్టిన మోడల్ తీసుకోవాలి.

ఎపాక్సీ_చేతులు
@నల్లలంగరు మీరు చెప్పింది నిజమే, బలం పోతుంది. కానీ 30 అడుగుల పడవలో లోతు ఎప్పుడు కావాలి? లంగరు వేసేటప్పుడు, రేవులోకి దూరేటప్పుడు, గట్టు పక్కన పోయేటప్పుడు. 80 మీటర్ల లోతులో అంకె పోతే పోయింది, అక్కడ ఏం తగులుతుంది మనకి? నీటిమట్టం కింద ఒక కన్నం తక్కువ ఉండటమూ లాభమే.

కీల్‌కింద_జానెడు
నా హల్‌కి కింద ఉన్న కన్నాల లెక్క చూస్తే అది పడవా జల్లెడా అని అనుమానం వస్తుంది. ఇంకొకటి వద్దు.

పాతపడవ_78
చెక్క కాదు, స్టీల్ కాదు, అది తెలుసు. కానీ కోర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పాత ఓనర్‌కి తెలియదు. డెక్‌లో బాల్సా ఉంది, అది మాత్రం నాకు తెలుసు, ఒక స్టాంచన్ (అంచున నిలబెట్టే కంచె కడ్డీ) దగ్గర తడిసి మెత్తబడితే బాగు చేయించాను.

ఎపాక్సీ_చేతులు
డెక్‌లో ఉన్నంత మాత్రాన హల్‌లో ఉండాలని లేదు. ఆ కాలపు చాలా పడవల్లో డెక్‌కి కోర్, నీటిమట్టం కింద హల్ గట్టి లామినేట్, అంటే ఒట్టి ఫైబర్‌గ్లాస్ పొరలు. హల్‌కి కోర్ పెట్టినవాళ్లు కూడా కీల్ చుట్టూ, ఫిటింగులు వచ్చే చోట చాలామంది గట్టిగానే వదిలేవాళ్లు. కాబట్టి పడవ మొత్తానికి ఒకే జవాబు ఉండకపోవచ్చు.

లోపల ప్లాస్టిక్ సుత్తితో తట్టి చూడండి. గట్టి చోట ఖంగుమంటుంది, కోర్ ఉన్న చోట బోలుగా డబ్‌డబ్‌మంటుంది. ఒడ్డుకెక్కాక ఏదైనా పాత ఫిటింగ్ విప్పితే కన్నం అంచు చూస్తే తేలిపోతుంది. కానీ అంతదాకా ఎందుకు, సంచి పరీక్షే చెప్పేస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఆ కాలంలో చేత్తో వేసిన లామినేట్‌లో లోపలి పొర గరుకుగా ఉంటుంది, నేతగుడ్డ గళ్లు పైకే కనిపిస్తాయి. ఆ గుంటల్లో గాలి నిలుస్తుంది. దాని మీద బిల్జ్ (పడవ లోపలి అడుగు) పెయింటు ఉంటే మరీను. అతికించే ముందు పెయింటు గీకి నునుపు చేయాలి, గ్లాసులోకి లోతుగా దిగకుండా. ఒక్క చోట సంచి పరీక్ష సరిగ్గా రాకపోతే అరడుగు జరిపి చూడండి. అంత దగ్గరలో కూడా ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది.

కొత్తచుక్కాని
మధ్యలో దూరుతున్నా. ఈ డబ్బాలన్నీ ఎందుకు, ఫిష్‌ఫైండర్ పెట్టుకోవచ్చుగా? రంగుల్లో అడుగు బొమ్మ కూడా కనిపిస్తుంది.

నల్లలంగరు
పెట్టుకోవచ్చు, చాలామంది పెడతారు. ఒక లాభం నిజంగా ఉంది. ఒట్టి అంకె అయితే ఈ క్షణం లోతే చెప్తుంది. బొమ్మలో గత కొన్ని నిమిషాల అడుగు గీత కనిపిస్తుంది కాబట్టి లోతు తగ్గుతూ వస్తోందా, ఎగుడుదిగుడుగా ఉందా అన్నది చూపు పడగానే తెలుస్తుంది. నాచు ఎక్కడ, గట్టి నేల ఎక్కడ అన్నది కూడా కొంచెం అలవాటైతే పోల్చుకోవచ్చు.

నష్టాలు: రంగు స్క్రీన్ కరెంటు ఎక్కువ తింటుంది, ఇంజిన్ ఆపి రోజంతా తెరచాప మీద పోయేవాళ్లకి అది లెక్కలోకి వస్తుంది. కొన్ని చవక మోడళ్లు లోతు అంకెని బయటికి పంపవు, చార్ట్‌ప్లాటర్‌తో కలపలేరు. కొన్నింటితో వచ్చే ట్రాన్స్‌డ్యూసర్ ట్రాన్సమ్ రకమే. అయినా దాన్ని లోపల అతికించి వాడేవాళ్లున్నారు.

ముందుకి చూసే సోనార్ అని ఇంకోటి ఉంది, అడిగేలోపు చెప్తున్నా. మామూలు సౌండర్ చెప్పేది మీరు ఇప్పటికే చేరుకున్న చోటి లోతు. అది ముందున్నది చూపిస్తుంది, కానీ లోతుకి కొన్ని రెట్ల దూరం వరకే. 2 మీటర్ల నీళ్లలో అది ఎంతో దూరం కాదు.

సీసపుగుండు
మెత్తటి బురద సంగతి ఎవరూ చెప్పలేదు. 200 కిలోహెర్ట్జ్ శబ్దం పైనున్న పల్చటి బురద పొరకే తగిలి తిరిగొస్తుంది, గుండు మాత్రం దాంట్లో దిగిపోతుంది. ఒకటి 2 మీటర్లంటుంది, ఇంకోటి రెండున్నర అంటుంది. కీల్‌కి తగిలేది ఏదో మీరే తేల్చుకోండి. నాచు మీద కూడా అంతే, యంత్రం నాచు తలకాయని అడుగు అంటుంది.

గాలివాటం
ఇదిగో, ఈ మాటకి మాత్రం ఒప్పుకుంటా.

50 కిలోహెర్ట్జ్ అయితే బురదలోకి కొంచెం దిగుతుంది, లోతుకీ వెళ్తుంది. కానీ దాని కోన్ (శబ్దం విచ్చుకునే శంకువు) వెడల్పు, సుమారు 45 డిగ్రీలు. 200ది 12 డిగ్రీల చుట్టుపక్కల. లోతు తక్కువ నీళ్లలో తిరిగే సెయిల్‌బోట్‌కి 200 చాలు. పడవ వాలినప్పుడు లెక్క తప్పుతుందా అని కొందరికి టెన్షన్. 20 డిగ్రీలు వాలితే ఏటవాలుగా కొలిచినట్టవుతుంది, 10 మీటర్లు 10.6గా కనిపించొచ్చు. కోన్‌కి వెడల్పు ఉంది కాబట్టి నిజంలో అంత కూడా రాదు. అయితే ఆ తేడా లోతు ఎక్కువ ఉన్నట్టు చూపే వైపు వస్తుంది, అది మనసులో పెట్టుకోండి.

పాతపడవ_78
సంచి పరీక్ష చేశా. ఎయిర్‌మార్ పీ79 తెచ్చాను, 50, 200 రెండూ ఉన్నదే, హల్ ఏటవాలు 22 డిగ్రీల వరకు సర్దుకునే రకం. మొదట సెలూన్ (పడవ లోపలి గది) బెర్త్ కింద అనువుగా ఉన్న లాకర్‌లో చూశాను. రేవులో 2.3 మీటర్లు, రాయిలా నిలబడింది. బయటికి వెళ్తే 12 మీటర్లు దాటగానే అంకె మిణుకుమిణుకుమని పోయింది. తట్టి చూస్తే బోలు శబ్దం, అక్కడ కోర్ ఉన్నట్టే.

తర్వాత ముందుకి జరిగి కీల్‌కి ముందున్న బిల్జ్ పక్క లాకర్‌లో పెట్టాను. చెయ్యి దూరడమే కష్టం, సంచిని ఆనించి ఉంచడానికి మా ఆవిడ చెయ్యే దూరింది, నాది పట్టలేదు. అక్కడ ఖంగుమంటోంది. 40 మీటర్లు దాటినా పట్టు వదల్లేదు, అంతకంటే లోతు మాకు దగ్గరలో లేదు. సీసపుగుండు గారి మర్యాద కోసం తాడు కూడా వేసి చూశా, ఆఫ్‌సెట్ (ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఎంత కింద ఉందో ఆ సవరణ) కలిపాక తేడా జానెడు కూడా లేదు.

కాబట్టి కొత్త కన్నం లేదు. ఇక గొట్టం పెట్టి నూనె పోయాలా, నేరుగా ఎపాక్సీలో ముంచి అతికించాలా?

ఎపాక్సీ_చేతులు
నా పేరు చూసి ఎపాక్సీ అంటాననుకుంటారు. మీ దానికి బేస్ వస్తుంది కదా, బేస్‌నే హల్‌కి అతికించి లోపల ప్రొపైలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ నింపండి, విషం లేని రకం. రేపు ట్రాన్స్‌డ్యూసర్ పాడైతే విప్పి మార్చుకోవచ్చు. ఎపాక్సీలో పాతితే ఉలి పెట్టి కొట్టాలి.

విడిగా బేస్ లేనివాటికి ప్లాస్టిక్ గొట్టం ముక్కని హల్ వంపుకి తగ్గట్టు కోసి అతికించి, నూనె నింపి మూత పెడతారు. ఒట్టి నీళ్లు పోస్తే ఆవిరైపోతాయి, చలి ప్రాంతాల్లో గడ్డకడతాయి.

చెక్కపడవ
ఆ గొట్టంలో చాలామంది ఆముదం పోస్తారు. త్వరగా ఆరదు, ఆవిరవ్వదు.

కీల్‌కింద_జానెడు
ఆముదం అయితే ఇంకో లాభం, ఎవరూ దొంగిలించరు.

నల్లలంగరు
నేరుగా అతికించేవాళ్లకి ఒక మాట. సిలికోన్ సీలెంట్‌లో పెట్టేవాళ్లున్నారు, కొందరికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నాకు నమ్మకం లేదు, అందులో బుడగ చిక్కితే బయటికి రాదు. ఎపాక్సీ అయితే మెల్లగా కలపాలి, నురగ రాకూడదు. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి ఉడికిపోయి బుడగలు పడతాయి. ట్రాన్స్‌డ్యూసర్‌ని తడిలో తిప్పుతూ కిందకి నొక్కాలి, గాలి పక్కకి పోతుంది.

త్రూ-హల్ పెట్టేవాళ్లు మాత్రం సిలికోన్‌తో సీల్ చేయొద్దు. నీటిమట్టం కింద వాడే పాలీయురెథేన్ మెరైన్ సీలెంట్ వాడండి, అదీ మళ్లీ ఊడదీయగలిగే రకం.

పాతపడవ_78
బిగించడం అయిపోయింది, తెరచాప మీద చక్కగా ఉంది. ఇంజిన్ వేస్తే మాత్రం లోతు పిచ్చిపిచ్చిగా గెంతుతోంది. 6, 1.1, 34, మళ్లీ 6. ఏంటిది?

బస్‌వైరు
రెండు అనుమానాలు, విడదీయడం తేలిక. లంగరు వేసి ఇంజిన్‌ని న్యూట్రల్‌లో ఉంచి ఆర్‌పీఎమ్ పెంచండి. అప్పుడు కూడా గెంతితే కరెంటు గోల, ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది. గేరులో వేస్తేనే గెంతితే బుడగలు, వణుకు.

కరెంటు గోల అయితే కేబుల్ ఎటు పోయిందో చూడండి. ఇంజిన్ హార్నెస్‌తో (తీగల కట్టతో), వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెనా కేబుల్‌తో, ఇన్వర్టర్ తీగలతో కలిపి టై కట్టేసి ఉంటారు. ట్రాన్స్‌డ్యూసర్ నుంచి వచ్చేది చాలా బలహీనమైన సిగ్నల్, పక్కవాళ్ల అరుపులన్నీ వింటుంది. వాటికి దూరంగా వేయండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. డిస్‌ప్లేకి పవర్ బ్యాటరీ దగ్గర నుంచి విడిగా, సొంత ఫ్యూజుతో తెచ్చి చూడండి. మిగిలిపోయిన కేబుల్‌ని కోయకండి, చుట్టి పక్కన పెట్టండి. ఇలాంటి అనలాగ్ కేబుల్‌ని కోసి అతికితే పనితనం తగ్గుతుంది.

ఇంకోటి, పక్క పడవలో అదే ఫ్రీక్వెన్సీ సౌండర్ ఆన్‌లో ఉంటే కూడా రేవులో ఇలా గెంతొచ్చు.

పాతపడవ_78
న్యూట్రల్‌లోనే గెంతుతోంది. చూస్తే కేబుల్‌ని ఆల్టర్నేటర్ తీగతో కలిపే తీసుకెళ్లారు, నేను పనికి పెట్టుకున్న కుర్రాడు నీట్‌గా ఉంటుందని ఒకే కట్ట కట్టేశాడు. విడదీశాక తగ్గింది. పూర్తిగా పోలేదు, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర అప్పుడప్పుడు ఒక పిచ్చి అంకె.

ఇక ఆఫ్‌సెట్. కీల్ కింద ఎంతుందో చూపించేలా పెట్టాలా, నీటిమట్టం నుంచా?

గాలివాటం
కీల్ కింద. సున్నా అంటే తగిలినట్టు. అర్ధరాత్రి అలసిపోయి ఉన్నప్పుడు కూడికలు తీసివేతలు ఎవరు చేస్తారు?

నల్లలంగరు
నీటిమట్టం నుంచి. చార్టులో ఉన్న లోతుతో, పోటు ఎత్తుతో పోల్చాలంటే అదే కావాలి. చార్టులో 3 మీటర్లు, ఇప్పుడు పోటు 2 మీటర్లు, సౌండర్ 5 చూపిస్తే నేను అనుకున్న చోటే ఉన్నానన్నమాట. కీల్ కింద లెక్కన 3.4 చూపిస్తే మళ్లీ డ్రాఫ్ట్ కలపాలి.

లంగరు గొలుసు లెక్క కూడా నీటిమట్టం నుంచే. 5 మీటర్ల లోతు, ముందు రోలర్ నీటికి 1 మీటరు పైన, పోటు ఇంకో 2 మీటర్లు పెరుగుతుంది. మొత్తం 8. అయిదు రెట్లంటే 40 మీటర్ల గొలుసు. కీల్ కింద లోతు పెట్టుకుని ఈ లెక్క వేస్తే ప్రతిసారీ గొలుసు తక్కువే వదులుతారు.

గాలివాటం
లంగరు లెక్క తీరిగ్గా వేసుకోవచ్చు. గట్టు తగిలే ముందు తీరిక ఉండదు.

ఇనుపహల్
మా పడవలో ట్రాన్స్‌డ్యూసర్ నుంచి ఎంతుందో అదే, ఏ ఆఫ్‌సెట్టూ లేదు. అందరికీ సమానంగా అన్యాయం.

ఎపాక్సీ_చేతులు
ఏది పెట్టినా ప్లస్, మైనస్ గుర్తు సరిగ్గా పెట్టండి. పాతపడవ గారి డ్రాఫ్ట్ 1.6. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి 0.4 కింద ఉందనుకుందాం. నీళ్లు 5 మీటర్లుంటే అది కొలిచేది 4.6. నీటిమట్టం కావాలంటే +0.4, అప్పుడు 5.0. కీల్ కింద కావాలంటే −1.2, అప్పుడు 3.4. మైనస్ బదులు ప్లస్ పడితే 5.8 చూపిస్తుంది. అంటే అడుగు 3.4 దూరంలో ఉంటే ఆ డబ్బా మీకు 5.8 అని భరోసా ఇస్తుంది. కదలని నీళ్లలో, గట్టి అడుగు మీద తాడు వేసి సరిచూడండి. నీళ్ల ట్యాంకులు, సామాను నిండుగా ఉన్నప్పుడు పడవ ఇంకొంచెం దిగుతుంది, అది కూడా కలుపుకోండి.

కీల్‌కింద_జానెడు
డిస్‌ప్లే పక్కనే "కీల్ కింద" అనో "నీటిమట్టం నుంచి" అనో చిన్న స్టికర్ అంటించండి. పడవ అరువిచ్చినప్పుడు స్నేహం నిలబడుతుంది.

పాతపడవ_78
నీటిమట్టానికే పెడుతున్నా, షాలో అలారం (లోతు తగ్గితే మోగేది) 2.5 దగ్గర. గాలివాటం గారు క్షమించాలి. స్టికర్ అంటిస్తాను.

పాత కంచు ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒడ్డుకెక్కాక తీసేసి కన్నం మూసేయాలా, అలాగే వదిలేయాలా?

చెక్కపడవ
ముందు లోహం చూడండి. గీకితే బంగారు రంగులో ఉంటే కంచు బాగానే ఉందన్నమాట. గులాబీ రంగు తేలితే అది జింక్ పోయిన ఇత్తడి, లోపల గుల్లబారి ఉంటుంది. అలాంటిది ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

ఎపాక్సీ_చేతులు
ఎలాగూ వాడరు కాబట్టి నేనైతే మూసేస్తాను. అయితే కన్నంలో పుట్టీ కూరి పైన పెయింటు వేస్తే అది మూసినట్టు కాదు. అంచుల్ని 12కి 1 వాలుగా చెక్కాలి. హల్ మందం 12 మిల్లీమీటర్లయితే చుట్టూ 144 మిల్లీమీటర్లు. కన్నం 25 మిల్లీమీటర్లే అయినా సాన పట్టాల్సిన వృత్తం అడ్డంగా 31 సెంటీమీటర్లు దాటుతుంది. యార్డులో ఎవరైనా "ఇంత చిన్న కన్నానికి ఇంత గీకుడా" అంటే పట్టించుకోకండి. తర్వాత గ్లాసు గుడ్డ ముక్కల్ని పొరలు పొరలుగా ఎపాక్సీతో వేసుకుంటూ రావాలి.

నల్లలంగరు
అదే సమయంలో కింద యాంటీఫౌలింగ్ కూడా వేస్తారుగా. ఇన్-హల్‌కి ఏ గొడవా లేదు, మామూలుగా వేసేయండి, పాత పొరలు మరీ మందంగా పెచ్చులు పెచ్చులుగా ఉంటే ఆ చోట గీకండి. త్రూ-హల్ ఉన్నవాళ్లు మాత్రం ప్లాస్టిక్ ముఖం మీద నీటి ఆధారిత యాంటీఫౌలింగే వేయాలి. కీటోన్ సాల్వెంట్ ఉన్నది ప్లాస్టిక్‌ని తినేస్తుంది. అసలు వేయకపోతే బార్నకిల్స్ (అతుక్కునే సముద్రపు గుల్లలు) పేరుకుని అంకె పోతుంది.

కొత్తచుక్కాని
నాదీ ఒక సమస్య, పక్కదారి అయితే చెప్పండి వేరే చర్చ పెడతా. కొత్త డెప్త్ డిస్‌ప్లే రాత్రి బాగుంటుంది, పగలు ఒక్కోసారి మొత్తం నల్లగా అయిపోతోంది. తల వంచితే మళ్లీ కనిపిస్తోంది. వారంటీకి పంపాలా?

బస్‌వైరు
చలవ కళ్లద్దాలు పెట్టుకుంటారా? పోలరైజ్‌డ్‌వి?

కొత్తచుక్కాని
అవును.

బస్‌వైరు
అవి తీసి చూడండి. ఎల్‌సీడీ మీద కూడా పోలరైజర్ పొర ఉంటుంది, రెండూ అడ్డం పడితే నలుపే.

కొత్తచుక్కాని
తీశాను. కనిపిస్తోంది. డబ్బా ప్యాక్ చేసి అట్టపెట్టెకి టేపు కూడా వేశాను, ఇప్పుడు విప్పాలి.